పాముకు అరగకపోతే...

ఆఫ్రికా అడవుల్లో గబూన్ వైపర్ అని ఒక పాముంది. మన రక్తపింజరికి దూరపు చుట్టం. బాగా లావు, ఎండుటాకుల్లో కలిసిపోయే రంగు, ఉన్నచోటు నుంచి కదలడం బొత్తిగా ఇష్టంలేని స్వభావం. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన హార్వే లిల్లీవైట్, ఆయన సహచరులు ఇలాంటి పాములకు తిండిపెట్టి, అది ఎప్పుడు బయటికొస్తుందో లెక్క రాసుకున్నారు. ఒక గబూన్ వైపర్ 420 రోజులు ఆగింది. అంటే ఏడాదీ రెండు నెలలు. 2002లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం, కొన్ని లావుపాటి పాముల ఒంటిబరువులో ఐదోవంతు దాకా పేగుల్లో నిలవున్న మలమే ఉండొచ్చు. చెట్లెక్కే సన్నటి పాములేమో తిన్నది కొద్దిరోజుల్లోనే వదిలించుకుంటాయి. కొమ్మ మీద బరువు మోయడం వాటికి కష్టం. నేలమీద పొంచి ఉండే పాముకు ఆ బరువే ఆధారమనీ, వెనకభాగం నేలకు అంటుకుని ఉంటే ముందుభాగం విసురుగా దూకగలదనీ శాస్త్రవేత్తల ఊహ.

ఈ సంగతి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు తెలిస్తే సగం కంగారు తగ్గేది. అక్కడ పాము పెంపుడు జంతువే. పిల్లాడు మారాం చేస్తే కుక్కపిల్లకు ఒప్పుకోని ఇంట్లో ఒక బాల్ పైథాన్‌కో కార్న్ స్నేక్‌కో చోటు దొరుకుతుంది. గుడ్డు కూడా వండని వంటింట్లో కాకపోయినా గరాజ్‌లో ఉన్న రెండో ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఎలుకల ప్యాకెట్ వచ్చి చేరుతుంది. నెల తిరిగేసరికి కొత్త దిగులు మొదలవుతుంది: “తింటోంది గానీ వెళ్లడం లేదు.” పొద్దున్నే కడుపు ఖాళీ అయితే తప్ప ఆ రోజు సజావుగా గడవదని నమ్మే జాతి మనది. ఆ గడియారాన్నే పాముకూ తగిలిస్తాం.

పాము కడుపు మనలాగా రోజంతా పనిచేసే యంత్రం కాదు. తిండి లేనప్పుడు అది దాదాపు దుకాణం కట్టేస్తుంది. స్టీఫెన్ సీకోర్, జారెడ్ డైమండ్ 1990లలో బర్మీస్ కొండచిలువల మీద చేసిన పరిశోధనలు దీన్ని బాగా వివరించాయి. ఎలుకను మింగిన ఒకటి రెండు రోజుల్లోనే చిన్నపేగు బరువు దాదాపు రెట్టింపవుతుంది. కాలేయం, మూత్రపిండాలు పెరుగుతాయి. గుండె జఠరిక కూడా 48 గంటల్లో 40 శాతం పెరుగుతుందని 2005లో ఇంకో బృందం చూపింది. అరుగుదల పూర్తయ్యాక ఇవన్నీ మళ్లీ పాత కొలతలకు కుంచించుకుపోతాయి. ఇంత హంగామాకు కావలసిన వేడిని పాము ఒళ్లు తయారు చేసుకోలేదు. బయట నుంచి రావాలి. వేడి చాలకపోతే అరుగుదల మందగిస్తుంది, పేగు కదలిక తగ్గుతుంది. మరీ చల్లగా ఉంటే లోపలున్న ఎలుక అరగకముందే కుళ్లుతుంది, పాము కక్కేస్తుంది.

అందుకని ముందు ఏది మామూలో తెలుసుకోవాలి. కార్న్ స్నేక్ చురుకైన పాము. పెద్దదానికి వారం, రెండు వారాలకోసారి తిండి పెడతారు; సాధారణంగా తిన్న వారంలోపు వెళ్తుంది. బాల్ పైథాన్ నిదానస్తురాలు. పెద్దదానికి రెండు మూడు వారాలకో, నెలకో ఒక ఎలుక చాలు. రెండు మూడు భోజనాలు లోపల దాచుకుని ఒకేసారి కానిచ్చేయడం దానికి అలవాటు. నెలా నెలన్నర ఆగిందంటే అదొక్కటే జబ్బు గుర్తు కాదు. పైగా చలికాలంలో నెలల తరబడి తిండి మానేసే గుణం దీనిది, ముఖ్యంగా మగవాటిది. తినని పాము ఏం విసర్జిస్తుంది?

విసర్జించేది కూడా రెండు రకాలు. వెంట్రుకలు కలిసిన గోధుమరంగు ముద్ద అసలు మలం. ఎలుక బొచ్చు అరగదు గనుక అలాగే వస్తుంది. దాంతోపాటో, విడిగానో తెల్లటి సుద్దముద్దలాంటిది పడుతుంది. అది మూత్రం. పాముకు మూత్రాశయం లేదు. నీళ్లు వృథా కాకుండా ఒంట్లోని వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి గట్టిగా బయటికి పంపుతుంది. చాలామంది ఈ సుద్దను పట్టించుకోరు. నా దృష్టిలో పాము ఆరోగ్యం గురించి ఇంతకంటే చవకగా సమాచారమిచ్చేది మరొకటి లేదు. మెత్తగా, తెల్లగా ఉంటే నీళ్లు సరిపోతున్నాయి. రాయిలా గట్టిపడి, పచ్చగా మారి, పొడిపొడిగా రాలుతుంటే ఒంట్లో నీళ్లు తగ్గుతున్నాయని అనుమానించాలి. మలం గట్టిపడి అడ్డంపడటానికి తొలిమెట్టు చాలాసార్లు ఇదే. ఒక్కోసారి మలం కాదు, ఈ సుద్దే గడ్డకట్టి దారి మూసేస్తుంది.

నీళ్లు ఎందుకు తగ్గుతాయి? గిన్నె నిండుగానే ఉందే! ఇక్కడ బాల్ పైథాన్ పుట్టిల్లు గుర్తుచేసుకోవాలి. పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిమైదానాల్లో అది పగలంతా ఎలుక కలుగుల్లోనో చెదపుట్టల్లోనో గడుపుతుంది. బయట ఎంత ఎండగా ఉన్నా పుట్ట లోపల తేమగా ఉంటుంది. దాన్ని తెచ్చి పైన జాలీమూత ఉన్న గాజుపెట్టెలో పెట్టి, మీద ఒక వేడిదీపం వేలాడదీశాం. ఆపైన అమెరికా చలికాలంలో హీటర్ నడిచే ఇల్లు. గాలి ఎండిపోయి మనుషుల పెదాలే పగులుతుంటాయి. పాము తీసుకునే ప్రతి శ్వాసలోనూ తేమ పోతుంది. కుబుసం ఒకేసారి ఒలిచినట్టు రాకుండా ముక్కలుముక్కలుగా ఊడుతోందంటే గాలిలో తేమ చాలడం లేదనే లెక్క. అలా ఊడిన కుబుసం ఒక్కోసారి మలద్వారం దగ్గరే ఉంగరంలా బిగుసుకుపోతుంది కూడా.

వేడి సంగతీ అంతే. బాల్ పైథాన్ పెట్టెలో ఒకవైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, మరోవైపు 25, 26 ఉండాలి. ఎటు కావాలంటే అటు జరిగి ఒంటివేడిని అదే సర్దుకుంటుంది. కార్న్ స్నేక్‌కు వెచ్చని మూల 29, 30 ఉంటే సరి. గాజుకు అతికించే స్టిక్కర్ థర్మామీటర్‌ను నమ్మి మోసపోయేవాళ్లు ఎక్కువ. అది గాజు వేడిని చెబుతుంది, పాము పడుకునే చోటుది కాదు. వైరు కొసన కొలిచే డిజిటల్ థర్మామీటర్‌ను పాము పొట్ట ఆనేచోట పెట్టాలి. వేడిపరుపును థర్మోస్టాట్ లేకుండా పెట్టడమైతే అసలు కూడదు, పొట్ట కాలుతుంది.

మూడో కారణం మన ప్రేమ. పాము ఎదురుగా వచ్చి నాలుక ఆడిస్తే ఆకలేస్తోందని ఇంకో ఎలుక. లావుగా ఉంటే ముద్దుగా ఉందని ఇంకోటి. పెద్ద బాల్ పైథాన్‌కు ఒక భోజనం దాని బరువులో 5 నుంచి 7 శాతం ఉంటే చాలు. మరీ పెద్ద ఎలుకంటే మరింత బొచ్చు, మరింత ఎముక. కదలడానికి చోటులేని డబ్బాలో కొవ్వు పట్టిన పాముకు పేగును నెట్టే కండబలమూ తగ్గుతుంది. ఇక పెట్టెలో పరిచే ఇసుక, అక్రోటు పెంకుపొడి, చెక్కపేళ్లు. తడి ఎలుకకు అంటుకుని లోపలికి పోతాయి. ఆరోగ్యంగా, వెచ్చగా ఉన్న పాము ఒకటి రెండు పేళ్లను మలంతోపాటే పంపేస్తుంది. చల్లగా, ఎండిపోయి ఉన్నదానికి అవే అడ్డుగోడలవుతాయి. ఇసుక, అక్రోటు పొడి మానేసి, ఎలుకను పళ్లెంలోనో పటకారతోనో అందిస్తే ఈ బెడద ఉండదు.

తోకకు కాస్త ముందు, శరీరం చివరి మూడోవంతులో ఉబ్బు కనిపిస్తే అది మలమే కానక్కర్లేదు. ఆడపామైతే గుడ్లు కావచ్చు. “మగపాము మొహమే చూడలేదు కదా” అంటారేమో. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో, ఏళ్ల తరబడి మగతోడు లేని ఒక బాల్ పైథాన్ 2020లో 7 గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు 62 ఏళ్లని అంచనా. మూత్రపిండాల వాపు, కణితి, చీముగడ్డ కూడా అదేచోట ఉబ్బుగా కనిపించొచ్చు. ముసలి కార్న్ స్నేక్‌లలో కణితులు అరుదేమీ కాదు. అందుకే వేలితో నొక్కి చూసి “ఇది మలబద్ధకమే” అని ఇంట్లోనే తీర్పు చెప్పేవాళ్లంటే నాకు భయం.

ఉబ్బు లేదు, పాము హుషారుగా ఉంది, ఆలస్యం ఒక్కటే దిగులు అనుకుందాం. అప్పుడు మొదట తిండి ఆపాలి. లోపలున్నది వెళ్లకుండా పైన ఇంకోటి పెట్టొద్దు. వేడి, తేమ సరిచూడాలి. తడిపిన నాచు పెట్టిన మూతడబ్బా ఒకటి పెట్టెలో ఉంచితే దాంట్లో దూరి కూర్చుంటుంది. అప్పటికీ కాకపోతే గోరువెచ్చని నీళ్లస్నానం. నీళ్లు 29, 30 డిగ్రీలు, అంటే ఫారన్‌హీట్‌లో 86 దాటకుండా. మన చేతికి వెచ్చగా తగిలితే పాముకు ఎక్కువైనట్టే, థర్మామీటర్‌తోనే చూడాలి. లోతు పాము లావులో సగం దాకా ఉంటే చాలు. తల సులువుగా నీటిపైన ఉండాలి. 15, 20 నిమిషాలు చాలు. పక్కనే కూర్చోవాలి, నీరసంగా ఉన్న పాము రెండంగుళాల నీళ్లలోనూ మునిగిపోగలదు. వెచ్చదనం, కాస్త ఈదులాట, రెండు గుక్కల నీళ్లు, ఈ మూడూ కలిసి పేగును కదిలిస్తాయి. ఒక్కోసారి ఆ నీళ్లలోనే పనైపోతుంది. దానికి వాడే టబ్ దానికే ప్రత్యేకంగా ఉండాలి. పాముల పేగుల్లో సాల్మొనెల్లా బ్యాక్టీరియా మామూలే. వంటింటి సింకులో, పిల్లలు స్నానం చేసే తొట్టిలో పామును నానబెట్టకూడదు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో అసలు పాములే వద్దన్నది అమెరికా ఆరోగ్యాధికారుల సలహా.

రోజూ స్నానం చేయిస్తూ వారాలు గడపడం మాత్రం వైద్యం కాదు, వేధింపు. బాల్ పైథాన్ బెరుకు జీవి. రెండు మూడుసార్లకు ఫలితం లేకపోతే ఆపేయాలి.

ఇక ఆముదం. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ “పాపం, రెండు చుక్కలు పట్టరాదూ” అనొచ్చు. ఆవిడ మనవలకు పనిచేసిందే కదా! పాము నోట్లో, నాలుక వెనకే గాలిగొట్టం తెరుచుకునే చోటు ఉంటుంది. బలవంతంగా పోసిన నూనె అటు జారితే ఊపిరితిత్తిలోకే పోతుంది. కార్న్ స్నేక్‌లాంటి వాటికి పనికొచ్చే ఊపిరితిత్తి ఒక్కటే. నూనెలు, ఇసబ్‌గోల్, మనుషుల విరేచనమాత్రలు ఏవీ ఇంట్లో వాడొద్దు. పొట్టను పిసికి కిందికి నెట్టడం అంతకన్నా ప్రమాదం. గట్టిపడ్డ ముద్ద పలచబడ్డ పేగును చీల్చేయగలదు.

తోక పైకెత్తి మాటిమాటికీ ముక్కడం, రక్తమో దుర్వాసనతో జిగురో కారడం, తిన్నది కక్కేయడం, ఉబ్బు రోజురోజుకూ పెరగడం, చేతిలోకి తీసుకుంటే వాలిపోవడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సరీసృపాలను చూసే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కుక్కలూ పిల్లులూ చూసే ప్రతి వెట్‌కూ పాము తెలియదు. సరీసృప, ఉభయచర వైద్యుల సంఘం ఏఆర్ఏవీ ద్వారా దగ్గర్లో ఎవరున్నారో వెతుక్కోవచ్చు. ఆ పని పామును కొన్ననాడే చేసి పెట్టుకోవడం తెలివి. మలద్వారం నుంచి ఎర్రటి పేగు బయటికి జారితే అది గంటల్లో తేలాల్సిన వ్యవహారం. దాన్ని లోపలికి తోయకుండా, ఆరిపోకుండా తడిగా ఉంచి, పామును తడి గుడ్డ పరిచిన డబ్బాలో పెట్టి బయల్దేరాలి.

వైద్యుడు మొదట అడిగేది పాము గురించి కాదు, పెట్టె గురించి. వెచ్చనివైపు ఎంత, చల్లనివైపు ఎంత, చివరిసారి ఎప్పుడు తింది, ఎంత బరువు ఎలుక, చివరి కుబుసం ఎప్పుడు. ఒక నోటుబుక్కులో తేదీలు రాసుకున్నవాళ్లకు సగం పని తప్పుతుంది. తర్వాత ఎక్స్‌రే, అవసరమైతే స్కానింగ్. ఒంట్లో నీళ్లు తగ్గితే సూదిమందుగా ద్రవాలు ఎక్కిస్తారు. మెత్తటి గొట్టంతో గోరువెచ్చని ఎనీమా ఇస్తారు. మరీ గట్టిగా ఉంటే మత్తిచ్చి నెమ్మదిగా బయటికి తెస్తారు. దేనికీ లొంగకపోతే కోసి తీయడమే.

హైదరాబాద్‌లోనూ బాల్ పైథాన్లు ఉన్నాయి గనుక ఒక మాట. మన దేశపు పాముల్ని, జెర్రిపోతునైనా కొండచిలువనైనా, ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ విదేశీదే అయినా అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022 చట్టసవరణ, 2024 నిబంధనల ప్రకారం అలాంటి జీవి ఇంట్లో ఉంటే పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేనివాళ్లు పామును వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడానికి జంకుతారు. ఆ జంకుకు మూల్యం చెల్లించేది పామే. పెరట్లోకి వచ్చిన జెర్రిపోతు నడుమ ఉబ్బుగా కనిపించినా దానికి చేయాల్సిన వైద్యమేమీ లేదు. ఎలుకను తిని వచ్చింది. కర్రతో కదిలిస్తే బెదిరి కక్కేస్తుంది. దాని దారిన పోనివ్వడమో, అటవీశాఖకో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీలాంటి వాళ్లకో కబురు పెట్టడమో చేయాలి.

అడ్డు తొలగి పెంపుడు పాముకు కడుపు తేలికైందనుకోండి, ఆ సంబరంలో అదేరోజు విందు పెట్టొద్దు. వారం, పది రోజులు నీళ్లతోనే ఉంచి, ఆ తర్వాత మామూలుగా పెట్టేదాంట్లో సగం సైజు ఎలుకను ఇవ్వాలి. అది అరిగి మలంగా వచ్చేదాకా రెండోదాని జోలికి పోకూడదు.