బంటు అంటే మనుషులు

పోయిన ఏడాది దసరా ముందర మా వీధి చివరింటి మేడ మీద గదిలోకి ఒక కుర్రోడు అద్దెకొచ్చినాడు. మంచి నలుపు, పొడుగు మనిషి, ఉంగరాల జుట్టు. రాత్రి డ్యూటీ, సెక్యూరిటీ పని. రెండో రోజుకే పిల్లోళ్ళు "నైజీరియా, నైజీరియా" అని వెనకాల అరవడం మొదలుపెట్టినారు. పెద్దోళ్ళు నవ్వినారే గాని వద్దనలేదు. దాచడం ఎందుకు, నేనూ అనలేదు.

ఒకరోజు పొద్దున కొళాయి కాడ ఎదురుపడితే, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడదీసుకుని "యూ, విచ్ కంట్రీ?" అని అడిగినాను. ఆ అబ్బాయి బిందె కింద పెట్టి, "కన్నడదల్లే మాతాడి అజ్జా, నమ్మదు యల్లాపుర" అన్నాడు. కన్నడంలోనే మాట్లాడు తాతా, మాది యల్లాపుర అని. నాకు తల తీసేసినట్టయింది. హిందూపురం పక్క పల్లె నుంచి వచ్చి, నలభై ఏళ్ళు నేత ఖాతాలో పనిచేసి రిటైరైనా, నా కన్నడంలో తెలుగు యాస పోలేదు. ఈ రాష్ట్రానికి బతకడానికి వచ్చినోడిని నేను. ఆ అబ్బాయి ఇక్కడోడే.

వాళ్ళని సిద్దీలు అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపుర, హళియాళ, అంకోలా, ముండగోడు తాలూకాల అడవి పల్లెల్లో ఉంటారు. పక్కన ధారవాడ, బెళగావి జిల్లాల్లోనూ కొందరున్నారు. వాళ్ళ పూర్వీకులు తూర్పు ఆఫ్రికా వాళ్ళు. అరబ్బు వర్తకులు, ఆ తర్వాత పోర్చుగీసు వాళ్ళు ఓడల్లో బానిసలుగా తెచ్చినారు. పోర్చుగీసు వాళ్ళు 1510లో గోవాని పట్టుకున్నాక అక్కడి బజారులో మనుషుల్ని అమ్మినారు. ఆ బాధ పడలేక పారిపోయినోళ్ళు ఘాట్లెక్కి, అడవుల్లో తలదాచుకున్నారు. వాళ్ళ బిడ్డల బిడ్డలే ఈ సిద్దీలు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు సిద్దీల రక్తం పరీక్షించి, వీళ్ళ మూలం ఎక్కువగా ఆఫ్రికాలోని బంటూ జనానిదని 2011లో చెప్పినారు.

బంటు అనగానే మనకి రామబంటు గుర్తొస్తాడు, బంట్రోతు గుర్తొస్తాడు. కొలువు చేసేవాడు, చెప్పింది వినేవాడు అని మన అర్థం. ఆఫ్రికాలో ఆ మాటకి అర్థం వేరు. అక్కడి భాషల్లో 'న్టు' అంటే మనిషి. ముందర 'బ' చేరిస్తే మనుషులు. తెలుగు, కన్నడం, తమిళం ఒక కుటుంబం అయినట్టే, ఆఫ్రికా ఖండం దక్షిణ సగంలో వందల భాషలది ఒకే కుటుంబం. ఆ భాషలు మాట్లాడే వాళ్ళందరినీ బంటూలు అంటారు.

అందులో ఒక జనం మసాబాలు. మా మనవడు వాళ్ళ గురించి ఫోనులో చదివి చెప్తుంటే రెండు రాత్రులు కూర్చుని విన్నాను. ఉగాండా, కెన్యా దేశాల సరిహద్దులో ఎల్గాన్ అని 4,321 మీటర్ల ఎత్తు కొండ ఉంది. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం. దాని పాత పేరు మసాబా. తమ మూలపురుషుడు మసాబా ఆ కొండలోంచే బయటికొచ్చినాడని వాళ్ళ నమ్మకం. కొండ వాలుల్లో కాఫీ, అరటి పండిస్తారు. వెదురు మొలకల్ని పొగబెట్టి ఎండబెట్టుకుని, వేరుశెనగ ముద్దలో ఉడకేసి తింటారు. వేరుశెనగ అన్న మాట వినగానే మా అనంతపురం చేలు గుర్తొచ్చినాయి.

వాళ్ళకి పెద్ద పండగ ఇంబాలు. సరి సంఖ్య వచ్చే ఏళ్ళలోనే చేస్తారు, 2022లో చేసినారు, 2024లో చేసినారు. వయసుకొచ్చిన కుర్రోళ్ళకి సున్తీ చేసే పండగ అది. ముందు కొన్ని రోజులు ఆ పిల్లోడు పూసలు, గంటలు కట్టుకుని, ఒంటికి పిండి పూసుకుని, డప్పుల వెంట చుట్టాల ఇళ్ళన్నీ తిరుగుతాడు. ఆ రోజు ఊరందరి ముందర నిలబడి, కన్ను ఆర్పకుండా కత్తికి ఓర్చుకోవాలి. అప్పుడే ఊళ్ళో వాణ్ణి మగవాడి లెక్కలో వేస్తారు. మంచిదా చెడ్డదా అని నేను తీర్పు చెప్పడం లేదు. వాళ్ళ ఊరు, వాళ్ళ ఆచారం.

సిద్దీలూ మసాబాలూ ఒకటే అని చెప్పడానికి ఇదంతా రాయలేదు. మసాబా కుర్రోడు మా తాత ఆ కొండలోంచి వచ్చినాడని వేలు పెట్టి చూపిస్తాడు. మా వీధి కుర్రోడు ఎటు చూపిస్తాడు? అమ్మకానికి పెట్టిన మనిషికి ఊరూ పేరూ ఎవరు రాస్తారు? కొండ పోయింది, భాష పోయింది. ఇప్పుడు సిద్దీలు ఇంట్లో కొంకణి మాట్లాడతారు, బయట కన్నడం. హిందువులున్నారు, ముస్లిములున్నారు, క్రైస్తవులున్నారు.

అంత పోయినాక కూడా మిగిలినవి ఉన్నాయి. హిరియరు అని పెద్దలకి పూజ పెడతారు. మనం పెద్దలకి పెట్టుకున్నట్టే. దమామి అని డోలు ఉంది, అది మోగితే ముసలోళ్ళు కూడా కూర్చోలేరంట. మన తెలుగు నేల మీద కూడా సిద్దీలున్నారు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం నవాబు దగ్గర కొలువు చేసిన ఆఫ్రికా గుర్రపు దళం పేరు అది. అంతకు ముందు వనపర్తి రాజుల దగ్గర ఉండేవాళ్ళు. 1948లో సంస్థానం కలిసిపోయినాక ఆ దళమూ పోయింది, పేట మిగిలింది. హైదరాబాదు పెళ్ళిళ్ళలో వాయించే మర్ఫా వాళ్ళూ, అరబ్బులూ తెచ్చిన వాయిద్యమే. దానికి చిందులేసే మనకి ఆ సంగతి తెలీదు.

ఇంకొకటి ఉంది, అది మన పనికి దగ్గర. సంక్రాంతికి ఆ అబ్బాయి వాళ్ళమ్మ వచ్చింది. కొడుక్కి చలికని ఒక కవంది తెచ్చింది. ఉత్తర కర్ణాటకలో కౌది అంటారు, మన బొంతే. కింద పాత చీర పరిచి, పైన పాత గుడ్డ ముక్కలు పేర్చి, ఒక అంచు కాడ కుట్టు మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. నా కళ్ళు నలభై ఏళ్ళు గుడ్డలో తప్పులు వెతికిన కళ్ళు. ఒక్క కుట్టు దాటలేదు, ఒక్క పోగు వదులు లేదు. మూలలకి నాలుగు మడతల చిన్న ముక్కలు కుట్టింది. "ఇదేందమ్మా?" అంటే "ఫూల" అన్నది, పువ్వు. అది పెట్టకపోతే కవంది బట్టలేని మనిషి లెక్క అంట. మా ఇంటావిడ బీరువా తీసి, వాళ్ళమ్మ కుట్టిన బొంత తెచ్చి పక్కన పరిచింది. ఇద్దరూ ఒకరి బొంత ఒకరు తిరగేసి చూసుకున్నారు. భాష సగమే తెలుసు, గంటసేపు మాట్లాడుకున్నారు. 'గంతకు తగ్గ బొంత' అని ఎగతాళికి అంటాం గాని, బొంత కుట్టడం ఎంత పనో ఆ రోజు చూసినాను.

సర్కారు కూడా వాళ్ళని ఆలస్యంగానే చూసింది. 1987లో సిద్దీ పిల్లల్ని పరుగు పందేలకి ఎంపిక చేసి శిక్షణ ఇచ్చినారు, కొన్నేళ్ళకి ఆ పథకం ఆపేసినారు. ఉత్తర కన్నడ సిద్దీలకి షెడ్యూల్డు తెగ గుర్తింపు వచ్చింది 2003లో. విధాన పరిషత్తులో మొదటి సిద్దీ సభ్యుడు శాంతారామ సిద్ది కూర్చున్నది 2020లో.

ఇప్పుడు అసలు సంగతి. ఆ అబ్బాయి మా వీధికి రాకముందు మూడు చోట్ల 'ఫారిన్ వాళ్ళకి ఇవ్వం' అన్నారంట. ఆధార్ కార్డు చూపించినా నమ్మలేదు. ఇక్కడ పదకొండు నెలల అగ్రిమెంటు వచ్చే నెలతో తీరుతుంది. మా వీధిలో కొందరు ఖాళీ చేయించమని ఓనరుకి చెప్పినారు. ఏం తప్పు చేసినాడని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేదు. మనం ట్రంకు పెట్టె పట్టుకుని ఈ ఊరు దిగినప్పుడు, 'తెలుగోళ్ళా? మిల్లోళ్ళా?' అని మన ముందర తలుపు వేసినోళ్ళు మనకి గుర్తు లేరా?

నేనూ, మా ఇంటావిడ పోయి ఓనరుతో మాట్లాడినాం. చూద్దాం అన్నాడు. ఇంకో నలుగురు వచ్చి చెప్తే ఆయన మనసు కుదురుతుంది. ఆదివారం పొద్దున పదిగంటలకి మళ్ళీ పోతాం, రాగలిగినోళ్ళు రండి.

ఇంకో మాట. దీపావళికి ఆ తల్లి మళ్ళీ వస్తుంది. మనిళ్ళల్లో మిల్లు ఫెంటు ముక్కలు, పాత లుంగీలు, చీరలు ఊరికే పడి ఉంటాయి. ఉతికి మా ఇంట్లో ఇవ్వండి. మన ఆడపిల్లలకి కవంది కుట్టడం నేర్పిస్తానన్నది. పిల్లోళ్ళకి కూడా చెప్పండి, ఆ అన్నని పేరు పెట్టి పిలవమని.