రేసు ఆటలో రోడ్డు పక్కన చెట్లెందుకు?

కారు రేసు ఆడేటప్పుడు మన కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. మరి పక్కన చెట్లు, స్తంభాలు, దూరంగా కొండలు ఎందుకు?

అందం కోసమే కాదు, వేగం తెలియడానికి! రైలు కిటికీలోంచి చూడండి. దగ్గరి కరెంటు స్తంభాలు చకచకా వెనక్కి పోతాయి. దూరపు కొండ మనతోపాటే వస్తున్నట్టుంటుంది. ఈ తేడా మెదడుకు వేగాన్ని తెలిపే ముఖ్యమైన ఆధారం. చుట్టూ ఏమీ లేకపోతే ఎంత జోరుగా వెళ్లినా నత్తనడకలా అనిపిస్తుంది.

ఇన్ని చెట్లు చూపిస్తే కంప్యూటర్‌కు భారం కాదా?

అవుతుంది. అందుకే చాలా ఆటల్లో దూరపు చెట్టు స్థానంలో అట్టముక్కలాంటి పలుచని బొమ్మను నిలబెడతారు. మనం దగ్గరికి వచ్చేసరికి దాని చోట కొమ్మలు, ఆకులున్న చెట్టును పెడతారు.

ఇలాంటి ఆటలో సొంత ట్రాక్ ఎలా కట్టాలి?

1984లో జపాన్‌లో వచ్చిన నింటెండో సంస్థ బైక్ రేసు ఆట ‘ఎక్సైట్‌బైక్’లోనే ఆటగాళ్లు ర్యాంపులు, అడ్డంకులు పేర్చి ట్రాక్ కట్టుకోగలిగారు. ఫ్రాన్స్‌కు చెందిన నాదియో సంస్థ 2003లో తెచ్చిన ‘ట్రాక్‌మేనియా’ ఆటలో తిన్నని రోడ్డు, మలుపు, వాలు అన్నీ విడివిడి ముక్కలు. వాటిని ఒకదానికొకటి కలుపుకుంటూ పోవాలి. కట్టినవారు ముందుగా తామే కారు నడిపి గమ్యం చేరాలి. తాము దాటలేని దారిని ఇతరులకు ఇవ్వకూడదు కదా!

మీరు ట్రాక్ కట్టేటప్పుడు మలుపుకు ముందు ఒక బోర్డు పెడితే ఎక్కడ బ్రేకు వేయాలో ఆటగాడికి తెలుస్తుంది. ముందు కాగితం మీద మీ ట్రాక్ గీసి చూడండి. ఆ బోర్డు ఎక్కడ పెడతారు?