కొత్త ట్రాక్టరును ఇంటికి తెచ్చుకొనుట

కొత్త ట్రాక్టరు కొన్న రైతు ముహూర్తము చూచి, కొబ్బరికాయ కొట్టి, బంతిపూల దండ వేసి ఊరికి తోలుకొని వచ్చుట మన వైపు ఆచారము. మంచిదే. కాని నంబరు లేని బండి రోడ్డెక్కరాదను సంగతి ఆ సంబరములో మరుగునపడుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 39వ సెక్షను ప్రకారము రిజిస్టరు కాని బండిని స్వయముగా నడుపుటయే గాక, ఇతరులచే నడిపించుటయు తప్పే. మొదటి తప్పునకు 2,000 రూపాయలకు తగ్గకుండ 5,000 వరకు జరిమానా కలదు.

మరి రిజిస్ట్రేషను ఆఫీసు వరకైనను బండి పోవలెను గదా! ఇందులకే 43వ సెక్షను క్రింద తాత్కాలిక రిజిస్ట్రేషను ఏర్పాటు చేసినారు. షోరూములలో దీనిని టి.ఆర్. అందురు. ఆ నంబరును పసుపుపచ్చ పలకపై ఎర్ర అక్షరములతో వ్రాయింపవలెను. ఎర్ర పలకపై తెల్ల అక్షరములున్న నంబరు వ్యాపారిది. అది మీ సొంత వాడుకకు చెల్లదు. బీమా పత్రము బండి కదలకముందే చేతికి రావలెను. వెనుక తగిలించు ట్రక్కు కూడ చట్టము దృష్టిలో వేరొక వాహనమే.

విదేశమునుండి తెప్పించిన యంత్రమైనచో రిజిస్ట్రేషనుకు కస్టమ్సు వారి విడుదల పత్రము కూడ జతపరుపవలెను. అట్టి యంత్రమును చెన్నై, విశాఖ రేవులనుండి లారీపై ఎక్కించి తెచ్చుట మేలు. అప్పుడది సరుకు మాత్రమే. లారీ దిగిన పిమ్మట మాత్రము టి.ఆర్. లేనిదే రోడ్డుపై తోలరాదు.

బండి చేతికి వచ్చిన 7 దినములలో, ప్రయాణపు రోజులు మినహాయించి, శాశ్వత రిజిస్ట్రేషనుకు దరఖాస్తు చేయవలెను. ఇక్కడనే పలువురు అశ్రద్ధ చేయుచున్నారు. 2014లో సుప్రీంకోర్టు విచారించిన కేసులో ఒక బండి తాత్కాలిక రిజిస్ట్రేషను 2006 జనవరి 11తో ముగిసినది. ఫిబ్రవరి 2న ప్రమాదము జరిగినది. బీమా అమలులోనే యున్నది. ప్రీమియము చెల్లించియే యున్నారు. అయినను రిజిస్ట్రేషను లేని బండిని రోడ్డుపై నడుపుట బీమా షరతులకు మూలమునుండియే విరుద్ధమని కోర్టు చెప్పినది. యజమానికి పరిహారము దక్కలేదు. ఇరువదిరెండు రోజుల జాప్యమునకు బండి ఖరీదు పోయినది! అప్పు తెచ్చి ట్రాక్టరు కొన్నవారి సంగతి చెప్పనక్కరలేదు.

నచ్చిన నంబరు దొరకలేదని కాలము గడుపువారును కలరు. గ్రామాధికారులు అట్టివారిని టి.ఆర్. కాగితము తెరిపించి, దానిపై గల ముగింపు తేదీని చూపింపవలెను. ఆ తేదీ దాటినచో, నంబరు వచ్చువరకు బండి పాకలోనే యుండవలెను.