వానకాలమున కొండదారి

కోనసీమవారమగు మనకు కొబ్బరిచెట్టును మించిన యెత్తు లేదు. ఐనవిల్లిలో ఏటిగట్టే కొండ. వానకాలమున మారేడుమిల్లి ప్రాంతపు కొండల నొంటరిగా నెక్కి సాయంకాలమునకు మరలిరాదలచు విద్యార్థి మన యేటి యనుభవమును అచ్చట నమ్ముకొనరాదు.

మనకు వరద చెప్పి వచ్చును. భద్రాచలమువద్ద నీరు 43 అడుగులకును, ధవళేశ్వరమువద్ద 11.75 అడుగులకును చేరగానే మొదటి హెచ్చరిక వెలువడును. లంకలు మునుగులోపల పశువులను గట్టెక్కించుకొనుటకు వ్యవధి యుండును. కొండవాగునకు ఇట్టి మర్యాద లేదు. దానికి నీరు చేరు నేల చిన్నది, వాలు హెచ్చు. ఎగువనెక్కడనో వాన కురిసినచో, మన తలపై ఎండ కాయుచుండగనే మోకాటిలోతు వాగు నడుములోతు కావచ్చును. మన గోదావరిలో ఎఱ్ఱనీరు పులసల రాకకు గుర్తు. అచ్చట ఎఱ్ఱనీరును, కొట్టుకొనివచ్చు పుల్లలును దిగవద్దను మాట. ఒంటరివానికి చేయి యందించువాడు లేడు గదా! వాగు తీయువఱకు గట్టుననే నిలువవలెను.

ఇఁక చలి. సముద్రపు తేమగాలి కొండను తాకి పైకెగసి చల్లబడుటచేతనే అచ్చట వాన హెచ్చు. వేయి మీటరుల యెత్తునకు వేడిమి సుమారు 6 డిగ్రీలు తగ్గును. తడిసిన నూలుబట్ట ఒడలి వేడిని లాగివేయును. నీరు చొరని సంచిలో పొడిచొక్కా యొకటి యుంచుకొనుట గొడుగుకంటె మేలని మా యభిప్రాయము. గొడుగును కొండగాలి మిగులనీయదు. వణకు పుట్టినచో శిఖరము నాశింపక దిగవలెను.

మెఱుపు మెఱసిన 30 సెకండ్లలోపల ఉఱుము వినబడినచో పిడుగు సుమారు 10 కిలోమీటరుల లోపలిదే. అప్పుడు శిఖరమునను, ఒంటిచెట్టు క్రిందను నిలువరాదు.

పోవు దారియు, మరలివచ్చు వేళయు దిగువ నూరివారితో ముందే చెప్పిపోవలెను. కొండలలో టెలిఫోను అన్నిచోట్ల పలుకదు.