కదలని వడ్రంగి బల్ల

మన దేశంలో వడ్రంగులు నేలమీద కూర్చుండి పని చేయడం తరతరాల ఆచారం. పాదాలతో చెక్కను అదిమిపట్టి, రెండు చేతులా చిత్రిక పట్టే ఆ నేర్పు చిన్ననాటి నుంచి అలవడవలసినదే గాని, నలభై ఏళ్లు దాటిన తరువాత సులభంగా పట్టుబడేది కాదు. కుర్చీకీ, కంట్రోల్ రూముకూ అలవాటుపడిన మోకాళ్లు అరగంటకే మొరాయిస్తాయి. కనుక సెలవు దినాలలో గాని, పదవీ విరమణానంతరం గాని చెక్కపని చేయదలచిన సహోద్యోగులు ముందుగా సమకూర్చుకోవలసినది ఖరీదైన పనిముట్లను కాదు, ఊగని ఒక బల్లను. ఒక చేత ఉలి, మరొక చేత కొయ్యసుత్తి ఉన్నప్పుడు చెక్కను పట్టుకొనే మూడవ చేయి అదే. బల్ల కదిలితే ఉలి జారుతుంది. ఉలి జారినచోట తరచు ఎడమచేయి ఉంటుంది.

బల్ల బరువుగా ఉంటే చాలునని పలువురి అభిప్రాయం. బరువు మేలు చేస్తుంది, కాదనము. కాని మూడవ అంతస్తు క్వార్టరులో నివసిస్తూ, కొన్నేళ్లకొకసారి బదిలీపై వెళ్లే కుటుంబానికి టేకు దూలాల బల్ల మోయలేని ఆస్తి అవుతుంది. అసలు ప్రశ్న పక్కబలానిది. చిత్రికను నెట్టిన ప్రతిసారీ బల్ల పొడవు వెంట ఒక తోపు పడుతుంది. నాలుగు కాళ్లు, పైన పలక మాత్రమే ఉన్న బల్ల ఆ తోపుకు ఒక పక్కకు ఒరగజూస్తుంది. కరెంటు టవరులో అడ్డదిడ్డంగా కనిపించే ఏటవాలు పట్టీలు అరికట్టేది ఈ ఒరుగుడునే.

వడ్రంగంలోనే శిక్షణ పొంది తరువాత గ్రంథకర్తగా పేరొందిన స్కాట్లాండ్ దేశీయుడు పీటర్ నికొల్సన్ 1812లో ప్రచురించిన ‘మెకానికల్ ఎక్సర్‌సైజెస్’లో వర్ణించిన బల్ల మన అవసరానికి చక్కగా సరిపోతుంది. అందులో కాళ్ల ముందు భాగాన, పైపలకకు దిగువగా, వెడల్పాటి నిలువు పలక ఉంటుంది. కాలికి వెడల్పులో బిగిసిన ఆ పలకే ఏటవాలు పట్టీ చేసే పనిని చేస్తుంది. కనుక లావు దూలాలు అక్కరలేదు. వెనుకవైపునా అటువంటి పలకనే అమర్చడం మేలని మా అభిప్రాయం.

వేప, మద్ది ఏదైనా పనికివస్తుంది. మామిడికి పురుగు భయం ఎక్కువ. యంత్రాలు వచ్చిన పెట్టెల దేవదారు చెక్క చవకైనది. విదేశీ పెట్టెలపై, 2002లో రూపొందిన అంతర్జాతీయ ప్రమాణం మేరకు ముద్ర ఉంటుంది. హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసినది; ఎం.బి. అని ఉంటే విషవాయువు పట్టించినది గనుక వదలివేయడం మంచిది. ఆ చెక్కను వేలంలో రసీదుపై కొనవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. గేట్ పాస్ లేని బల్ల ఎంత గట్టిదైనా ఇంటిదాకా చేరదు.

మేము సూచించే కొలతలు ఇవి: పొడవు 5 అడుగులు, వెడల్పు 22 అంగుళాలు. నిటారుగా నిలబడి చేయి వేలాడదీసినప్పుడు మణికట్టుకూ, పిడికిలి కణుపులకూ నడుమ ఉండేదే తగిన ఎత్తు. 5 అడుగుల 6 అంగుళాల మనిషికి సుమారు 32 అంగుళాలు. కాళ్లు మూడున్నర అంగుళాల చదరం. రెండేసి కాళ్లను పైన, కింద అడ్డకర్రలతో కలిపి 19 అంగుళాల వెడల్పు గల రెండు చట్రాలు చేయాలి. అడ్డకర్రల కొసలను సన్నగా చెక్కి, కాళ్లలో తొలిచిన చదరపు బెజ్జాలలో జిగురుతో దిగగొట్టాలి. నిలువు పలకలు 10 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళాల మందం. వీటికి మాత్రం జిగురు వద్దు. ఒక్కొక్క కాలికి రెండేసి అర అంగుళం బోల్టులు, వాటి నడుమ నిలువున 7 అంగుళాల ఎడం ఉండాలి. ఎడం తగ్గితే పట్టు తగ్గుతుంది. పలకనూ కాలినీ కలిపిపట్టి ఒకేసారి బెజ్జం వేస్తే బోల్టు బిగువుగా కూర్చుంటుంది.

బల్ల లేకుండానే బల్ల చేయవలసి రావడమే ఇందులోని తమాషా. ఈ ఒక్కసారికి వరండా నేలే శరణ్యం. చట్రం ఎదురుమూలల కొలతలు రెండూ సమానమైతే అది మూలమట్టానికి ఉన్నట్లే.

పైభాగానికి రెండంగుళాల మందం, పదిన్నర అంగుళాల వెడల్పు గల రెండు పలకలు చాలు. నడుమ అంగుళం సందు విడవాలి. చెక్క పొడవులో దాదాపు మారదు. వెడల్పులో తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది. ఆ సందు అందుకే. రంపం నిలుపుకోవడానికీ పనికివస్తుంది. ముందు పలక అంచు నిలువు పలకతో సమంగా ఉండాలి. నిలువు పలకకు ముప్పావు అంగుళం బెజ్జాలు వరుసగా వేసి మేకులు దూర్చితే, పొడవాటి తలుపు చెక్కను వాటిపై నిలబెట్టి అంచు చిత్రిక పట్టవచ్చు. ఇనుప వైసు తరువాత కొనుక్కోవచ్చు.

వార్నిష్ జారుడు గనుక అవిసె నూనె చాలును. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయరాదు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి తమంతట తామే అంటుకోగలవు. విప్పి ఆరవేయాలి.

బదిలీ ఉత్తర్వు వచ్చిననాడు నిలువు పలకల ఎనిమిది బోల్టులూ, పైపలకల మరలూ విప్పితే రెండు చట్రాలు, నాలుగు పలకలు మిగులుతాయి. విప్పేముందు ప్రతి అతుకుపై ఉలితో గుర్తులు పెట్టుకోవాలి. విశాఖ తేమ నుంచి రామగుండం ఎండకు వెళ్లేవారు కొత్త ఇంట చెక్కను రెండు వారాలు ఆరనిచ్చి బిగించుకుని, వేసవి ముగిసేలోగా మరొకసారి స్పానరు వేసి చూసుకోవాలి.