తెల్లగా కాదు... మనలా కనిపించాలి!

పెళ్లి ఆల్బమ్ ఇంటికొచ్చి మొదటి పేజీ తిప్పగానే 'ఇది మన పిల్లేనా?' అని ముక్కున వేలేసుకునే బామ్మలు చాలా ఇళ్లలో ఉంటారు. వాళ్ల కళ్లద్దాల్లో లోపమేం లేదు. చామనఛాయ అమ్మాయి ఆల్బమ్‌లోకి వచ్చేసరికి పాలరాతి బొమ్మైపోతుంది మరి! పదిహేనేళ్లుగా పెళ్లి ఫొటోల కలర్ కరెక్షనే నా పని. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఎక్కువమంది చెప్పే మాట ఒకటే... 'ముఖం కాస్త తెల్లగా వచ్చేలా చూడు బాబూ!'. కంప్యూటర్లో అది అర నిమిషం పని. కానీ ఆ అర నిమిషంలో ఫొటోలోంచి ఏమేం పోతాయో తెలిస్తే మళ్లీ ఎవరూ ఆ మాట అడగరు.

వెలుగు వేరు... రంగు వేరు

ఫొటోషాప్, లైట్‌రూమ్, ఉచితంగా దొరికే గింప్... ఏది తెరిచినా పదులకొద్దీ మీటలు కనిపిస్తాయి. బెంబేలెత్తక్కర్లేదు. వాటిలో ఎక్కువభాగం చేసేవి రెండే పనులు. ఒకటి వెలుగునీడల్ని సర్దడం, దీన్నే టోన్ అంటాం. రెండోది రంగుల్ని సర్దడం. ముందు వెలుగు, ఆ తర్వాతే రంగు. అన్నం సరిగ్గా ఉడికాకే కదా పులిహోర కలుపుతాం!

మామూలు జేపెగ్ ఫొటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. మూడూ 0 అయితే కటిక నలుపు, మూడూ 255 అయితే స్వచ్ఛమైన తెలుపు. ఏ వెలుగులో ఎన్ని చుక్కలున్నాయో చూపించే గ్రాఫే హిస్టోగ్రామ్. ఎడమవైపు చీకట్లు, కుడివైపు వెలుగులు. గ్రాఫు కుడి గోడకు అతుక్కుపోయిందంటే అక్కడ వివరాలు పోయినట్టే. మధుపర్కాల ఫొటోల్లో తరచూ జరిగేది ఇదే. బట్ట నేత, మడతలు కనిపించకుండా తెల్లటి ముద్దైపోతుంది. జేపెగ్‌లో ఒకసారి అలా అయ్యాక ఎంత తగ్గించినా నేత తిరిగి రాదు, తెలుపు కాస్తా బూడిదరంగు అవుతుందంతే. అందుకే మేం రా ఫైల్ అడుగుతాం. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. సర్దుకోవడానికి అంత చోటన్నమాట.

ముఖం మీద చీకటి ఉంటే...

వెనకాల లైట్ల డెకరేషన్, ఒంటిమీద తెల్లబట్టలు ఉన్నప్పుడు కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. దాంతో ముఖం ఉన్నదానికన్నా నల్లగా పడుతుంది. దాన్ని సరిచేయాల్సిందే, తప్పేం లేదు. అయితే బ్రైట్‌నెస్ మీట జరిపితే ముఖంతోపాటు ఫొటో మొత్తం వెలుగెక్కుతుంది. అప్పటికే అంచున ఉన్న మధుపర్కాలు, మెడలోని నగల మెరుపులు ముందుగా దెబ్బతింటాయి.

దానికి మందు లెవెల్స్, కర్వ్స్. లెవెల్స్‌లో మూడు పిడులుంటాయి... నలుపు, మధ్యస్థం, తెలుపు. చివర్లను కదపకుండా మధ్యది మాత్రమే జరపొచ్చు. కర్వ్స్‌లో ఓ ఏటవాలు గీత ఉంటుంది. దాని కింది కొస నలుపు, పై కొస తెలుపు. మధ్యలో వేలు పెట్టి కొద్దిగా పైకి లేపితే ముఖం విచ్చుకుంటుంది, రెండు కొసలూ కదలవు. అదే గీతను ఇంగ్లిష్ 'ఎస్' అక్షరంలా వంచితే చప్పగా ఉన్న ఫొటోకి జీవమొస్తుంది.

మండపంలో మూడు రకాల దీపాలు

వెలుగు కుదిరాక రంగు. ముందు వైట్ బ్యాలెన్స్ చూసుకోవాలి. వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు. పాతకాలపు బల్బుది సుమారు 2,800, మధ్యాహ్నపు ఎండది 5,500, నీడలో అయితే 7,000 దాకా వెళ్తుంది. అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు, పెరిగేకొద్దీ నీలం. మన కన్ను వీటన్నిటికీ తనంతట తానే సర్దుకుంటుంది, కెమెరా ప్రతిసారీ అలా సర్దుకోలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఐడ్రాపర్ తీసుకుని, నిజంగా తెల్లగానో బూడిదరంగులోనో ఉన్నచోట నొక్కితే మిగతా రంగులు దారికొస్తాయి. నేనైతే మధుపర్కాల్లో పసుపు అంటని చోటు వెతుక్కుంటాను, అదీ వెలుగెక్కువై పాడవకుండా ఉన్నచోట. ఒక చెంపమీద గులాబీ ఎల్ఈడీ, రెండో చెంపమీద పసుపు దీపం పడితే మాత్రం ఒక్క నొక్కుతో కుదరదు. ఆ చెంప వరకే మాస్క్ గీసి విడిగా సరిచేయాలి.

తర్వాత శాచురేషన్, వైబ్రెన్స్. మొదటిది అన్ని రంగుల్నీ ఒకేలా పెంచుతుంది. పెళ్లిలో అసలే పసుపు, కుంకుమ, పట్టుచీర... ఇక పెంచితే కళ్లు చెదిరిపోతాయి. వైబ్రెన్స్ పాలిపోయిన రంగులమీదే ఎక్కువగా పనిచేస్తుంది, చర్మపు రంగును కాస్త కాపాడుతుంది.

బంగారమూ పాలిపోతుంది

ఇప్పుడు ఆ అర నిమిషం సంగతి. ఒక్కో రంగును విడిగా సర్దే మీటల్లో 'ఆరెంజ్' ఉంటుంది. మనుషుల చర్మం ఎవరిదైనా ఎక్కువగా ఆ రంగు పరిధిలోకే వస్తుంది. దాని వెలుగు పెంచితే ముఖం తెల్లబడుతుంది. కానీ బంగారం, పసుపు పూసిన పాదాలు, తలంబ్రాలు కూడా కొంతవరకు ఆ చుట్టుపక్కల రంగులే. అవీ వెలవెలబోతాయి. చర్మంలోని గోధుమవన్నె పోయి బూడిద పూసినట్టవుతుంది. ముఖం వరకే మాస్క్ వేసి పెంచితే మెడ ఒకరిది, ముఖం మరొకరిదిలా ఉంటుంది.

ఈ తెల్లటి కొలబద్ద స్టూడియోల్లోకి ఇవాళ వచ్చింది కాదు. ఫిల్మ్ రోజుల్లో కొడాక్ సంస్థ రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు ఓ మహిళ ఫొటో ఉన్న కార్డు పంపేది. దాన్ని 'షర్లీ కార్డు' అనేవారు. 1950ల నుంచి కొన్ని దశాబ్దాలపాటు వాటిమీద కనిపించింది తెల్లజాతి మహిళలే. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు బాగా వచ్చినట్టు లెక్క. వేర్వేరు రంగుల మహిళలున్న కార్డు 1990ల్లోగానీ రాలేదు.

ఓసారి ఓ పెళ్లికూతురు ఒక్కతే మా స్టూడియోకి వచ్చింది. ఫొటోలు తెల్లగా రావాలని వాళ్ల నాన్న అప్పటికే ఫోన్ చేసి ఉన్నారు. 'అన్నా, నాది మా అమ్మ రంగు. అమ్మ ఇప్పుడు లేదు. ఆ రంగు తీసేయకండి' అంది. రెండు రకాలుగానూ ప్రింట్లు తీసి ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. తెల్లగా ఉన్నదాన్ని నావైపు జరిపి, రెండోది చేతిలో పట్టుకున్నారు. 'అచ్చం వాళ్లమ్మే' అని మాత్రం అన్నారు.

మీరూ సరిచేసుకోవచ్చు

ఫోన్లో స్నాప్‌సీడ్ లాంటి ఉచిత యాప్‌లోనూ కర్వ్స్, వైట్ బ్యాలెన్స్ ఉన్నాయి. ముందు అసలు ఫొటోకి కాపీ తీసుకోండి. కర్వ్స్‌తో వెలుగు, తర్వాత వైట్ బ్యాలెన్స్, చివర్న అవసరమైతేనే రంగు. ఫోన్ బ్రైట్‌నెస్ మధ్యస్థంగా పెట్టుకోండి, లేదంటే తెర వెలుగును చూసి మోసపోతాం. పని అయ్యాక ముఖాన్ని అదే ఫొటోలోని చేతులతో పోల్చి చూడండి. తేడా కొట్టొచ్చినట్టుంటే మోతాదు మించినట్టే.

పెళ్లి ఆర్డర్ ఇచ్చేటప్పుడు అమ్మాయి, అబ్బాయి పగటి వెలుతురులో మామూలుగా దిగిన ఫొటో ఒకటి స్టూడియోవాళ్లకి ఇవ్వండి. రంగు సరిచూసుకోవడానికి మాకు అంతకన్నా మంచి కొలబద్ద లేదు. 'తెల్లగా చేయండి' అనే బదులు 'ముఖం స్పష్టంగా రావాలి' అని చెప్పండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం.