గుడ్డుకు దయ్యం వేషం

దేశ రాజధానిలో జరిగే పండుగలలో అనేకం బయటి నుంచి వచ్చినవే. ఛఠ్ పూజ బీహారు నుంచి, దుర్గాపూజ బెంగాలు నుంచి, లోహ్రీ పంజాబు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. వాటిని వెంట తెచ్చుకున్నవారు పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు, లేదా దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వచ్చినవారు. ఇటీవలి సంవత్సరాలలో మరొక పండుగ మాత్రం రైలెక్కకుండా నేరుగా విమానంలోనే దిగింది. అక్టోబరు 31న జరిగే ఆ దయ్యాల పండుగ పేరు హాలోవీన్. దక్షిణ ఢిల్లీలోనూ, గుర్గావ్ అపార్టుమెంట్లలోనూ ఆనాడు పిల్లలు నల్లని దుస్తులు ధరించి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు వసూలు చేస్తారు.

ఇది మొదట ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల పండుగ. పంటకాలం ముగిసి చలికాలం ప్రవేశించే సంధి రాత్రి ప్రేతాత్మలు లోకంలో సంచరిస్తాయని పూర్వం అక్కడి వారి నమ్మకం. ఆ మరునాడు, నవంబరు 1, క్రైస్తవులకు సకల పునీతుల దినం. 19వ శతాబ్దిలో కరవుకూ పేదరికానికీ తాళలేక అమెరికాకు వలసపోయిన ఐరిష్ ప్రజలు ఈ ఆచారాన్ని వెంట తీసుకుపోయారు. స్వదేశంలో వారు టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు. అమెరికాలో సులభంగా దొరికే గుమ్మడికాయ ఆ స్థానం ఆక్రమించింది. గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయకు కోరలూ మీసాలూ దిద్దే తెలుగువారికి ఇందులో వింత ఏమీ కనిపించకపోవచ్చు.

ఈ పండుగకు అనుబంధంగా అమెరికా నుంచే దిగుమతి అయినది ఉదయపు ఫలహారం. కుటుంబమంతా ఒకచోట చేరి భయం గొలిపే రూపాలలో వంటకాలు చేసుకుంటారు. అందులో అగ్రతాంబూలం కోడిగుడ్డుది. కారణం ఊహించడం కష్టం కాదు. ఉడికిన గుడ్డు తెల్లగా, నున్నగా, అచ్చం కంటిగుడ్డులా ఉంటుంది. దానికి వేషం వేయడానికి పెద్ద నేర్పు అక్కరలేదు.

గుర్గావ్‌లో నివసించే ఒక తెలుగు మిత్రుని ఇంట ఈ ఫలహారం నేను కళ్ళారా చూశాను. మిత్రుడు కేంద్ర సర్వీసులో పనిచేసి విరమించినవాడు. కోడలు ముందు రోజు రాత్రే ఎనిమిది గుడ్లు ఉడికించి, పెంకు తీయకుండా చెంచాతో నలువైపులా తట్టి పగుళ్ళు తెప్పించి, చిక్కని టీ డికాక్షనులో నానబెట్టింది. తెల్లవారి పెంకు ఒలిస్తే తెల్లసొన మీద గోధుమరంగు సాలెగూడు! చైనాలో తరతరాలుగా చేసే టీ గుడ్డు పద్ధతి ఇదే. వారు దానిని రుచికోసం చేస్తారు, ఇక్కడ భయంకోసం. మరికొన్ని గుడ్లను సగానికి కోసి, పచ్చసొనమీద మిరియపు గింజ అంటించి, పుల్లతో టమాటా సాసు గీతలు గీస్తే నిద్రలేని ఎర్రని కళ్ళు తయారయ్యాయి. ఒక బాణలిలో ఉల్లి, టమాటా గుజ్జు ఎర్రగా మగ్గించి అందులో గుడ్లు పగులగొట్టి మూతపెట్టారు. మూత తీసేసరికి నెత్తుటి మడుగులోంచి నాలుగు కళ్ళు మిడిగుడ్లు వేసుకొని చూస్తున్నాయి. బొంబాయి పార్సీలు ఏ దయ్యం ఊసూ లేకుండా ఇటువంటి టమాటా గుడ్డు కూరనే ఇష్టంగా తింటారు.

ఒక గిన్నెలో గుడ్లు పొయ్యిమీద ఎక్కువసేపు ఉండిపోయి పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని వలయం ఏర్పడింది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసినందువల్ల ఏర్పడే రంగు అది. తింటే హాని లేదు. మామూలు రోజున ఆ వంట చెడినట్టే లెక్క. ఆనాడు మాత్రం అసలైన దయ్యపు కన్ను అదేనని పిల్లలు కేరింతలు కొట్టారు.

ఇదంతా చూస్తూ కూర్చున్న మిత్రుని తల్లి, ఎనభై ఏళ్ళ గోదావరి జిల్లా ఆవిడ, నా వైపు తిరిగి, “ఏం నాయనా, మన ఊళ్ళో దిష్టి తీసిన గుడ్డు నాలుగు దారుల కూడలిలో పెడితే దాటడానికే భయపడేవాళ్ళం. వీళ్ళు దానికే బొట్టూ కాటుకా పెట్టి తింటున్నారే!” అన్నది. గుడ్డుకూ దయ్యానికీ ఉన్న సంబంధం అమెరికావారు కనిపెట్టినది కాదని ఆమె ఒక్క మాటలో తేల్చివేసింది.

దయ్యాల పండుగను కూడా మనం దిగుమతి చేసుకోనక్కరలేదు. 1960వ దశకంలో తూర్పు బెంగాలు కాందిశీకులకోసం వెలసిన కాలనీ నేటి చిత్తరంజన్ పార్కు. అక్కడ దీపావళి అమావాస్యకు ముందురోజును భూత చతుర్దశి అంటారు. మనకు అది నరక చతుర్దశి. ఆనాడు పద్నాలుగు రకాల ఆకుకూరలు వండుకొని, పద్నాలుగు తరాల పితరులకోసం పద్నాలుగు దీపాలు వెలిగిస్తారు. ఉడికిన గుడ్డుకు కైమాపూత పట్టించి, రొట్టెపొడిలో దొర్లించి వేయించే బెంగాలీల చిరుతిండి పేరు డిమేర్ డెవిల్, అనగా గుడ్డు దయ్యం. కారంగా వండినదానిని డెవిల్ అనడం 18వ శతాబ్దిలోనే ఇంగ్లండులో ఉంది. ఆ మాట తెల్లదొరల వంటింటి నుంచి కలకత్తాకు దిగింది. ఇక అందులోని గుడ్డు చాలాకాలం పాటు గోదావరి, కృష్ణా జిల్లాల కోళ్ళఫారాల నుంచి లారీలలో వెళ్ళినదే.

ఢిల్లీకి అక్టోబరు 31న భయాన్ని కల్పించుకోవలసిన అవసరమూ లేదు. 1984లో అదే రోజున ప్రధాని ఇందిరాగాంధీ తన నివాసంలోనే హత్యకు గురి అయినారు. తర్వాతి రోజులలో ఈ నగరపు వీధులలో హతులైన సిక్కులు ప్రభుత్వ లెక్క ప్రకారమే 2,733 మంది. త్రిలోక్‌పురిలో ఆ రాత్రులు గడిపినవారికి దయ్యాలు ముసుగులు వేసుకొని రావని తెలుసు.

ఇంతకూ నేను చెప్పదలచినది పిల్లల వేడుకను ఆక్షేపించడం కాదు. పిల్లలు భయంతో ఆడుకోవడం ఆరోగ్యకరమే. ఏ వేషమూ వేయని మామూలు గుడ్డును చూసి పెద్దలు, అందునా ప్రభుత్వాలు, జడుసుకోవడమే విచిత్రం.

పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనం పెట్టవలసిందని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ విస్తరిలో గుడ్డు ఉండాలా వద్దా అన్న వివాదం నేటికీ తెగలేదు. తమిళనాడులో కరుణానిధి ప్రభుత్వం 1989లోనే రెండు వారాలకొక గుడ్డు ప్రవేశపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వారానికి ఐదు గుడ్లు నిర్ణయించారు. మధ్యప్రదేశ్‌లో మాత్రం, గిరిజనులున్న మూడు జిల్లాల అంగన్‌వాడీలలో గుడ్లు ఇవ్వాలన్న ప్రతిపాదనను 2015లో నాటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ తోసిపుచ్చారు. మహారాష్ట్ర 2023లో గుడ్లు ఇవ్వడం మొదలుపెట్టి, 2025 జనవరిలో అందుకు ప్రత్యేక నిధులు ఆపివేసింది. విరాళాలు పోగుచేసుకొని పెట్టుకోవచ్చునని బడులకు సలహా ఇచ్చింది.

ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. నీళ్ళు కలిపి పలుచన చేయడానికి వీలులేని ఆహారం అది. కాంట్రాక్టరు పప్పును నీళ్ళ చారుగా మార్చగలడు గాని గుడ్డును సగం చేసి మొత్తమని నమ్మించలేడు. పైగా పెంకు లోపలి సరుకును ఎవరూ తాకలేరు. మన జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని 1982లో నెలకొల్పినవాడు తెలుగువాడైన డాక్టర్ బి.వి.రావు. వారంలో ఏ రోజైనా గుడ్డు తినవచ్చునని దూరదర్శన్ ద్వారా దేశానికంతటికీ హిందీలో నేర్పినది ఆ సంఘమే. ఆ పాఠం ఇళ్ళకు చేరింది గాని కొన్ని సచివాలయాల గడప దాటలేదు.

శాకాహార నియమం పాటించేవారి విశ్వాసాన్ని గౌరవించవలసిందే. వారి పిల్లల విస్తరిలో గుడ్డు పెట్టమని ఎవరూ అడగడంలేదు. కానీ ఇంట్లో గుడ్డు తినే అలవాటు ఉండి, కొనే స్తోమత లేని పిల్లవాడికి మరొకరి నియమాన్ని ఎందుకు వర్తింపజేయాలి? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేక కోడిగుడ్డుకు ఈకలు పీకే చర్చలు అనేకం నేను ఈ నగరంలో విన్నాను. మంత్రులు సంస్కృతి అంటారు, అధికారులు ఖర్చు అంటారు. అపార్టుమెంటు ఫలహారంలో అదే గుడ్డు కనిపిస్తే సంస్కృతికి భంగం కలిగినట్టు ఎవరూ ఫిర్యాదు చేయరు.

మార్గం లేకపోలేదు. కర్ణాటక 2021 డిసెంబరులో ఏడు వెనుకబడిన జిల్లాలలో గుడ్లు ఇవ్వడం ప్రారంభించింది. వద్దనేవారికి అరటిపండు ఇచ్చింది. ఎంపిక పిల్లలదే. అధిక సంఖ్యాకులు గుడ్డునే కోరుకున్నారు. కొందరు మఠాధిపతులు అభ్యంతరం చెప్పినప్పుడు ఒక బడిపిల్ల, గుడ్లు ఆపితే మీ మఠానికే వచ్చి తింటాము, అదీ ఒకటి కాదు రెండు తింటాము అని బహిరంగంగా చెప్పింది. కర్ణాటక ప్రభుత్వం వెనుకకు తగ్గలేదు. మరుసటి సంవత్సరం ఆ పథకాన్ని మిగిలిన జిల్లాలకు కూడా విస్తరించింది.